కాగితానికి అవతలి వైపు

ఆ చలికాలం మా ఆస్పత్రిలో
గుండె గీతలు తీసే కాగితం అయిపోయింది.
రాజధాని నుంచి రావాల్సిన పెట్టె
దారిలో ఏ సంతలో తేలిందో.
గాజు ఫ్యాక్టరీ లెక్కల గదివాళ్లు జాలిపడి
కూడికల మిషన్ చుట్టలు నాలుగు పంపారు.
ఒకవైపు జీతాల అంకెలు, రెండోవైపు ఖాళీ.
ఖాళీ చాలు నాకు.
నా మిషన్ ముసలిది, సిరా ముల్లుది,
ఎక్కడ గీయమంటే అక్కడ గీస్తుంది.

అంకెలు పాతవే. కొత్తగా కూడడానికేమీ లేదు,
డబ్బు ఇవ్వడం మానేసి ఏడు నెలలు.
బదులుగా గ్లాసులు,
నెలకి మూడు పెట్టెలు, గడ్డి కూరి.
ఊరి నిండా గ్లాసులే,
పోసుకోవడానికి వోడ్కా తప్ప ఏదీ లేదు.
అదొక్కటీ ఎలాగో రొట్టెకన్నా చవక.

ప్రోఖర్ నికీఫొరొవిచ్ వచ్చింది గురువారం.
ముప్పైయేళ్లు కొలిమి ముందు గొట్టం ఊదినవాడు,
బుగ్గలు తోలుసంచుల్లా వేలాడుతున్నాయి.
చొక్కా విప్పమంటే సిగ్గుపడ్డాడు,
లోపల తొడుక్కున్న స్వెట్టరు భార్యది.
చూడనట్టే మణికట్లకు ఉప్పునీళ్లు రాసి
పట్టీలు బిగించాను.
"రిమ్మా అర్కాద్యెవ్నా, చల్లగా ఉంది."
"అందరికీ చల్లగానే ఉంది. కదలకు."

ముల్లు నడిచింది.
ఒక అడుగు మర్చిపోయి, ఉలిక్కిపడి,
రెండడుగులు ఒక్కసారే వేసి,
అప్పులవాణ్ణి దూరం నుంచే చూసి
సందు మార్చినవాడిలా.

డాక్టరమ్మ చీటీ రాసింది:
ఉప్పు తగ్గించాలి. పళ్లు తినాలి.
నొప్పి వస్తే నాలుక కింద మాత్ర.
దిగులు పడకూడదు.
అతను రెండుసార్లు చదువుకున్నాడు.
"ఈ నాలుగోది ఏ షాపులో దొరుకుతుంది?"
వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయిన ఊరు మాది.
ఇప్పుడూ వేసుకుంటున్నారు,
కొట్టుకుంటోందా లేదా చూసుకోవడానికి.

వెళ్తూ బల్లమీద ఆరు గ్లాసులు పెట్టాడు.
ఫీజు లేదన్నా వినలేదు.

రాత్రి రెండున్నర రైలు ఆరు నిమిషాలు ఆగుతుంది.
ఆ ఆరు నిమిషాలకూ ఊరంతా ప్లాట్‌ఫామ్ మీదే.
కిటికీల కింద గ్లాసులెత్తి
చెంచాలతో మోగించేవారు, నిద్రలో ఉన్నవాళ్లు లేవాలని.
మంచులో ఆ చప్పుడు చాలా దూరం పోయేది.
ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఎనిమిదో బోగీ దగ్గర,
ప్రోఖర్ పెట్టెను జాగ్రత్తగా కింద దించి
దాని పక్కనే కూర్చున్నాడట.
గ్లాసు ఒక్కటీ పగల్లేదు.
నలభై ఎనిమిదేళ్లు.

రిజిస్టర్లో గుండెపోటు అని రాశాను.
ఆ గడిలో అంతకన్నా పొడుగు మాట పట్టదు.
చలి తగ్గేలోపు అదే మాట అదే గడిలో
ఎన్నిసార్లు రాశానో, చేతికి అలవాటైపోయి
ఒకసారి కాలు విరిగినవాడికీ రాయబోయాను.

అతని చుట్ట తీసి దీపానికెదురుగా పట్టుకున్నాను.
వెనకవైపు అంకెలు గీతలోంచి పైకి తేలాయి.
మార్చి, నూట అరవై. ఏప్రిల్, నూట అరవై.
మే, నూట అరవై.
ఎవరి జీతమో. తడబడకుండా, వరసగా,
ఆరోగ్యంగా కొట్టుకున్నట్టు.
ఇంతకు మించి చెప్పను.
గీత తీయడం నా పని, చదవడం డాక్టరమ్మది.

ఇంకొకటి ఒప్పుకోవాలి.
ఆ ఆరు గ్లాసుల్లో ఐదు నేనే అమ్మాను,
అదే ప్లాట్‌ఫామ్ మీద, అదే రైలుకి.
మా అమ్మాయి బూట్లు నోళ్లు తెరిచాయి.
ఒకావిడ కిటికీలోంచి బేరమాడింది, తగ్గాను.
ఆరోది ఎవరూ కొనలేదు,
అడుగున ఆవగింజంత బుడగ.
అది అతని ఊపిరి అనుకుంటాను నేను.
ఊదేవాళ్లు ఒప్పుకోరు, కొలిమి గాలి అంటారు.
ఏమో.
పొద్దున్నే అందులోనే టీ తాగుతాను.
కడిగేటప్పుడు గట్టిగా తోమను.